కొండలమ్మ రాయి, నెంబరు నలభై ఏడు

కొండలమ్మ మాట ఇచ్చి తప్పే మనిషి కాదు, వస్తువు ఇచ్చి వదిలేసే మనిషి అంతకన్నా కాదు. పొరుగింటివాళ్ళు గిద్దెడు నూనె బదులు తీసుకెళ్ళి మరచిపోతే, మూడోరోజు గిద్దె పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడేది. ఒకసారి అరువిచ్చిన వల తిరిగి రాలేదని పడవెక్కి ఉప్పుటేరు దాటి, పక్కూళ్ళో పెళ్ళి జరుగుతున్న పందిట్లోకి పోయి, వధూవరులకు అక్షింతలు వేసి, కడుపునిండా భోజనం చేసి, తాంబూలం తీసుకుని, అప్పుడు పెళ్ళికొడుకు తండ్రి నెత్తిన ఆ వల పెట్టించి మోయించుకుని ఇంటికొచ్చింది.

అటువంటి కొండలమ్మ, మూడు తరాలుగా అత్తింటి నూతి దగ్గర పడి ఉన్న రాయిని ముక్కూ మొహం తెలియని వాళ్ళ జీపులోకి తన మనుషుల చేతే ఎక్కించి, కాగితం మీద వేలిముద్ర వేసి, పైగా "నిదానంగా పోయిరండి బాబూ" అని సాగనంపింది. లంకపాలెం లంకపాలెమంతా నోరెళ్ళబెట్టింది. ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆ రాయి సంగతి చెప్పాలి.

లంకపాలెం బందరుకు దిగువన చేపలు పట్టుకుని బతికే ఊరు. ఊరికి ఒకపక్క ఉప్పునీళ్ళు, ఇంకోపక్క పంటకాలవ నీళ్ళు. అక్కడి ఆడవాళ్ళ గంపల్లోకి రెండు రకాల చేపలూ వచ్చేవి. ఎన్ని వచ్చినా కొండలమ్మ ఇంటి పేరు నిలబెట్టింది మాత్రం బొమ్మిడాయిల పులుసే. బొమ్మిడాయి ఒళ్ళంతా జిగురు. బూడిద చల్లి గరుకు రాయి మీద అటూ ఇటూ తోమి, తెల్లగా మెరిసేదాకా తోమి, మళ్ళీ తోమితే గానీ ఆ జిగురు వదలదు. జిగురు వదలకపోతే పులుసులో ఎంత మెంతిపిండి పోసినా నీచుకంపే.

కొండలమ్మ ఇంట్లో ఆ తోమే రాయి నూతి పక్కనే ఉండేది. తెల్లటి రాయి, ఒక మనిషి పడుకునేంత పొడుగు. ఎవరు తెచ్చారో, ఎక్కణ్ణించి తెచ్చారో ఎవరికీ తెలియదు. ఆ ఇంటికి కొత్తకోడలు వచ్చిందంటే పొయ్యి ముట్టుకునే ముందు ఆ రాయి మీద మొదటి చేప తోమాలి. అత్త చేప చేతికిస్తుంది. ఆ ఇంటి ఆడపడుచు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చూస్తుంది. చేప తెల్లగా వచ్చిందని ఆడపడుచు నోటితో అంటే, ఆ క్షణం నుంచి పొయ్యి కోడలిది. అత్త కూడా అడిగి గరిటె పట్టుకోవలసిందే.

కొండలమ్మ పదహారో ఏట ఆ రాయి ముందు కూర్చుంది. ఆమె ఆడపడుచు రావమ్మ, మొగుడు కాశీరావు కన్నా నాలుగేళ్ళు పెద్దది, ఆ రోజు పీట మీద నుంచి కదలకుండా "ఇంకా రాలేదు" అని మూడుసార్లు అంది. నాలుగోసారికి కొండలమ్మ అరచేయి గీరుకుపోయి రక్తం వచ్చింది. అప్పుడు రావమ్మ ముక్కు చిట్లించి "సర్లే" అంది. తెల్లగా వచ్చిందని మాత్రం అనలేదు. ఆ "సర్లే" కొండలమ్మ గుండెలో నలభై ఏళ్ళుగా చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

ఇక జీపు సంగతి. అది ఎమర్జెన్సీ పెట్టిన ఏడు, కార్తీకమాసం. కొత్తగా వచ్చిన యూనివర్సిటీ తాలూకు మ్యూజియం ఆఫీసరు బసవపున్నయ్య, పాత ఇటుకలూ పాత పెంకులూ ఏరుకుంటూ ఆ వైపు వచ్చాడు. మధ్యాహ్నమైంది, ఊళ్ళో హోటలు లేదు. కాశీరావు మనిషి మెత్తన, ఎండలో ఎవరు కనపడినా ఇంటికి తీసుకొచ్చేస్తాడు. కొండలమ్మ బొమ్మిడాయిల పులుసు వడ్డించింది. బసవపున్నయ్య మొదటి ముద్దకు కళ్ళు మూసుకున్నాడు, మూడోసారి వడ్డించేదాకా తెరవలేదు. తర్వాత చేయి కడుక్కోవడానికి నూతి దగ్గరకు వెళ్ళి, జారిపడబోయి, రాయి అంచు పట్టుకున్నాడు. వేళ్ళు రాయి కిందికి పోయాయి. అంతే, కెవ్వున కేకేశాడు.

తేలు కుట్టిందనుకుని కొండలమ్మ ఉల్లిపాయ పట్టుకుని పరిగెత్తింది. చూస్తే ఆయన నేల మీద బోర్లా పడుకుని, రాయి కింద చేయి పెట్టి, "ముక్కు! ఇది ముక్కు! ఇవి పూసలు!" అని పిల్లాడిలా నవ్వుతున్నాడు.

ఆ తర్వాత ఆయన లేచి, చొక్కాకున్న బురద కూడా దులుపుకోకుండా చెప్పింది ఇది: "అమ్మా, ఈ రాయి అరిగిపోతోంది. ఇలాగే వాడితే పూర్తిగా పాడైపోతుంది. మేం తీసుకెళ్ళి, బాగుచేసి, జాగ్రత్త చేస్తాం."

రాయి అరిగిపోయిందన్న మాట కొండలమ్మ కాశీరావుతో ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నదే. ఏటా వచ్చి "రోళ్ళకు, సన్నెకళ్ళకు గంట్లు పెడతామమ్మా" అని అరిచే మనిషి, ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నారని ఆ పనికి పోయాడు. మళ్ళీ ఈ దిక్కు రాలేదు. రాయి చూడబోతే అద్దంలా నున్నబడిపోయింది. ఏదో కొండలమ్మ చేతులు గనక, ఆ నునుపుకు తగ్గట్టు ఒడుపు నేర్చుకుని నెట్టుకొస్తున్నాయి. ఇప్పుడు గవర్నమెంటువాళ్ళే జీపు వేసుకొచ్చి బాగుచేస్తామంటుంటే కాదనడానికి ఆమెకేం పిచ్చా? గొడ్లకు సూదిమందు వేయడానికి జీపులొస్తున్నాయి. పిల్లలకు టీకాలు వేయడానికి జీపులొస్తున్నాయి. మగవాళ్ళను ఆపరేషన్లకు ఎక్కించుకుపోవడానికి జీపులొస్తున్నాయి. మరి రాళ్ళకు గంట్లు పెట్టడానికి ఒక జీపు రావడంలో వింతేముంది?

"గంట్లు మరీ లోతుగా పెట్టించమాకండి బాబుగారూ," అని చెప్పింది కొండలమ్మ, వేలిముద్ర వేస్తూ. "బొమ్మిడాయి తోలు చిరిగిపోద్ది."

"అలాగేనమ్మా, అలాగే," అన్నాడు బసవపున్నయ్య. ఆ సమయంలో ఆయన్ని పొలం రాసిమ్మన్నా అలాగే అనేవాడు.

కార్తీకం పోయింది, పుష్యం పోయింది, మాఘం పోయింది. రాయి రాలేదు. ఈలోగా కొండలమ్మ ఒక్కగానొక్క కొడుకు నాంచారయ్యకు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున వలలేసుకునేవాళ్ళ పిల్ల గంగారత్నంతో సంబంధం కుదిరింది. వైశాఖంలో పెళ్ళి. పెళ్ళి ఇంకా పదకొండు రోజులుందనగా రావమ్మ అత్తారింటి నుంచి దిగి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ నూతి వైపు చూసి, చెంబు కింద పెట్టేసింది.

"మా అమ్మ రాయేదే?"

కొండలమ్మ చెప్పింది. రావమ్మ విని నోరు విప్పింది. ఊళ్ళో సగం మందికి వినపడింది.

"గంట్లు పెట్టటానికి గవర్నమెంటోళ్ళు జీపేసుకొచ్చారంట! వినేవోళ్ళుంటే ఎంతైనా చెప్తావే! చూడు కొండలమ్మా, నీ కోడలు మా అమ్మ రాయి మీద చేప తోమిందాకా ఆ పిల్ల వండింది నేను ముట్టను. నేను ముట్టంది నా కడుపున పుట్టినోళ్ళు ముట్టరు. ఆ పైన నీ ఇష్టం."

రావమ్మ కడుపున పుట్టినవాళ్ళు తొమ్మిదిమంది, వాళ్ళ పిల్లలు ఇరవై ముగ్గురు. కోడలు వండి వడ్డించే తొలి బంతిలో సగం విస్తళ్ళు లేచిపోతే ఇక ఊళ్ళో తలెత్తుకునేదెట్లా? అదొక్కటే కాదు. కొండలమ్మకు మోకాళ్ళు పనిచేయడం మానేసి రెండేళ్ళయింది. పొయ్యి దించుకుని, కోడలి చేతిలో పెట్టి, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఆమెకు ప్రాణం పీకుతోంది. దొంగచాటుగా కాదు, దర్జాగా దించుకోవాలి. తనకు దక్కని "తెల్లగా వచ్చింది" అన్న మాట తన కోడలికైనా దక్కాలి. అందుకు రాయి కావాలి.

మర్నాడు తెల్లారి బొమ్మిడాయిల పులుసు వండి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, గంపలో పెట్టుకుని, కొండలమ్మ బెజవాడ బస్సెక్కింది. పులుసెందుకంటే, గంట్లు పెట్టిన వాళ్ళకు ఊరికే చేయించుకున్నామన్న మాట ఉండకూడదు.

ఆ మ్యూజియం మొగల్రాజపురంలో ఒక అద్దె మేడ కింది వాటాలో ఉంది. పై వాటాలో ఇంటివాళ్ళు కాపురముంటారు, వాళ్ళు ఆరేసిన చీరలు మ్యూజియం బోర్డు మీదికి వేలాడుతుంటాయి. కాపురాలకు కట్టిన వాటా కావడంతో ఎక్కడి సామాను అక్కడే సర్దినట్టుంది. దేవుడిగదిలో బంగారు రంగు నాణేలు, పడకగదిలో పగిలిన విగ్రహాలు, వంటగది అలమరల్లో కుండలు.

గుమ్మంలో స్టూలు మీద మరియదాసు కూర్చుని ఉన్నాడు. గుణదలవాడు, మ్యూజియంకు అటెండరు, వాచ్‌మాను, ఊడ్చేవాడు, అన్నీ అతనే. పోయిన నెల మొత్తం మీద పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు కరెంటు బిల్లు పట్టుకొచ్చినవాళ్ళు, ఒకడు మరియదాసు బావమరిది. అందుకని గంపతో ఒక మనిషి మెట్లెక్కి రావడం చూసి అతను లేచి నిలబడ్డాడు.

"రా అక్కా, రా! టిక్కెట్టు లేదు. చెప్పులు విప్పక్కర్లేదు. సంతకం పెట్టు చాలు."

"రాయి కోసం వచ్చాను తమ్ముడూ."

"రాళ్ళకేం తక్కువక్కా, లోపలంతా అవే," అన్నాడు మరియదాసు.

కొండలమ్మ పడకగదిలోకి వెళ్ళింది. తన రాయిని ఆమె ఒక్కసారిగా పోల్చుకోలేకపోయింది. నలభై ఏళ్ళు పడుకుని ఉండగా చూసిన రాయి, అక్కడ గోడకు జానెడు ఎడంగా, చెక్క దిమ్మ మీద నిలబడి ఉంది. జీపెక్కించిన రోజు బురద పేరుకుని ఉన్న వైపున ఇప్పుడు ఒక ఆడమనిషి. మెడలో పూసలు, చేతిలో పళ్ళెం, తల కొంచెం వంచి, ఎవరికో వడ్డించబోతున్నట్టు నిలబడింది. ముక్కు కొన కాస్త అరిగింది. కొండలమ్మ గంప దించి, వెనక్కి వెళ్ళి తొంగి చూసింది. అవును, అదే రాయి. వెనక తన చేయి అరగదీసిన గుంట, నున్నగా, అలాగే ఉంది. ఒక్క గంటు లేదు.

మళ్ళీ ముందుకొచ్చింది. ఆ మొహాన్ని వేళ్ళతో తడిమింది.

"అయ్యో తల్లీ," అంది. "నిన్ను బురదలో బోర్లా పడుకోబెట్టి నలభై ఏళ్ళు నీ వీపు తోమానే! ఒక్కసారన్నా కదిలావు కాదే. కదిలితే మొహం కడిగి ఉండేదాన్ని గదా!"

అని కళ్ళు తుడుచుకుని, వెంటనే కోపం తెచ్చుకుని, "గంట్లేవయ్యా?" అని గట్టిగా అరిచింది.

ఆ అరుపుకు ఆఫీసు గదిలోంచి బసవపున్నయ్య వచ్చాడు. ఆఫీసర్లు సీట్లో లేకపోతే ఉద్యోగాలూడుతున్న రోజులు కాబట్టి ఆయన దొరికాడు. కొండలమ్మను చూసి పొంగిపోయి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి, రాయి పక్కనున్న అట్టముక్క చూపించి చదివాడు: "నెంబరు నలభై ఏడు. చెక్కిన ఫలకం. లంకపాలెం. దాత, శ్రీమతి కొండలమ్మ. చూశావామ్మా, నీ పేరు!"

"దాతంటే?"

"దానమిచ్చిన మనిషి."

"ఎవరు దానమిచ్చారు?" అంది కొండలమ్మ. "గంట్లు పెట్టి తెచ్చిస్తానంటే ఇచ్చాను. నా కొంపలో దానాలిచ్చే ఆచారం లేదు. పెళ్ళి పదిరోజుల్లో ఉంది, గంట్లు మేమే పెట్టించుకుంటాం, రాయి బండెక్కించండి."

ఇబ్రహీంపట్నం కోడలు, మొదటి చేప, ఆడపడుచు పంతం, అన్నీ విని బసవపున్నయ్యకు సంగతి అర్థం కావడానికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆయన బుద్ధిమంతుడు, అబద్ధమాడలేదు. రిజిస్టరులోకెక్కిన రాయి ఇక యూనివర్సిటీదని, తనక్కూడా బయటకు పంపే హక్కు లేదని, ఒక్క పూటకైనా కుదరదని చెప్పాడు. తనది తప్పేనని, ఆ రోజు సంతోషంలో ఆమె మాట తలకెక్కలేదని కూడా చెప్పాడు. కొండలమ్మ నేల మీద చతికిలబడింది.

"అయితే నా పేరు చెరిపెయ్యండి. నేనివ్వలేదు."

మరియదాసు ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు తల ఊపాడు. మరియదాసు గుమ్మం దగ్గరున్న జిగురుసీసా తెచ్చి, అట్టముక్క మీద కొండలమ్మ పేరున్న చోట తెల్లకాగితం అంటించాడు.

"ఇంకేం చేస్తాం, తినండి," అంది కొండలమ్మ చివరికి, కుండ ముందుకు తోసి. "ఎండకు పాడైపోద్ది. తిట్టుకుంటూ అయినా తెచ్చింది తెచ్చినట్టు పట్టుకుపోలేను."

ఆఫీసరూ అటెండరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మరియదాసు తలెత్తకుండా తింటున్నాడు. బసవపున్నయ్య మాత్రం రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏమీ అనుకోవద్దమ్మా. బాగుంది. కానీ ఆ రోజు రుచి..."

"ఎట్టా ఉంటదయ్యా?" అని కొండలమ్మ లేచింది. "పక్కింటి సన్నెకల్లు మీద తోమిన చేప అది! ఆ రుచి తెచ్చిన రాయి మీ దగ్గరుంది గదా! నిలబెట్టి చూసుకుంటున్నారుగా!"

బసవపున్నయ్య చేయి పులుసులోనే ఉండిపోయింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, తను ఏకంగా ఊడబెరుక్కొచ్చాడు. ఆ మాట ఆయన మొహంలో కనపడింది. అప్పుడు మరియదాసు, వేళ్ళు నాక్కుంటూ, నెమ్మదిగా అన్నాడు.

"రాయి బయటకు పోకూడదు గానీ సార్, మనుషులు లోపలికి రావచ్చు కదండీ? రమ్మనే కదా బోర్డు పెట్టింది. పెళ్ళికూతురు ఇబ్రహీంపట్నం నుంచి లంకపాలెం పోవాలన్నా బెజవాడ మీంచే పోవాలి. సోమవారం మనకు శుభ్రం చేసే రోజు. ఎటూ రాళ్ళు దించి తుడుస్తాను."

"ఇక్కడ చేప తోముతారా!" అన్నాడు బసవపున్నయ్య.

"ఒక్కటే చేపండి," అంది కొండలమ్మ, ప్రాణం లేచొచ్చి.

"ఉప్పు తగలకూడదు, రాయిని తినేస్తుంది."

"వద్దు."

"బూడిద వద్దు."

"సరే."

"చింతపండు, నిమ్మకాయ, పసుపు, కుంకుమ, ఏదీ వద్దు."

"చేపన్నా ఉండనిస్తారా, మీరూ నేనే కూర్చుని తోముకుందామా?" అంది కొండలమ్మ.

బసవపున్నయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. అలా ఒప్పందం కుదిరింది. ఆ సంతోషంలో కొండలమ్మ తన కుండ మరచిపోయి బస్సెక్కింది. ఆమె జీవితంలో అలా జరగడం అదే మొదలు.

ఆదివారం ఇబ్రహీంపట్నంలో పెళ్ళయింది. సోమవారం పొద్దున్నే పెళ్ళివారి లారీ మొగల్రాజపురం సందులోకి తిరగలేక తిరిగింది. దాంట్లోంచి యాభైమందికి పైగా దిగారు. వాయిద్యాలవాళ్ళు, ఇల్లు వచ్చేసిందనుకుని, దిగీ దిగగానే సన్నాయి అందుకున్నారు. పై వాటా ఇంటాయన బాల్కనీలోకి వచ్చి, మ్యూజియంలో ఎవరికి పెళ్ళో తెలియక, అక్కడి నుంచే అక్షింతలు వేశాడు. మరియదాసు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో రిజిస్టరు పట్టుకుని నిలబడి, ఒక్కరిని కూడా సంతకమో వేలిముద్రో లేకుండా లోపలికి పంపలేదు. యాభై మూడు పడ్డాయి. ఆ పుస్తకానికి అంత పండగ ఎప్పుడూ లేదు.

లోపల రాయి ఇంకా నిలబడే ఉంది. నిలబడ్డ రాయి మీద చేప ఎవరు తోమగలరు? నలుగురు మగవాళ్ళు నడుం కట్టి పట్టుకున్నారు. బసవపున్నయ్య "మెల్లగా, మెల్లగా" అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. బోర్లా దించబోయేముందు కొండలమ్మ "ఆగండి" అంది. పెళ్ళికి కొన్న కొత్త పట్టుపంచ కాశీరావు భుజం మీంచి లాగి, నాలుగు మడతలు వేసి, ఆ రాతిమనిషి మొహం ఆనేచోట పరిచింది.

"ఈసారి బురదలో కాదులే తల్లీ," అంది.

రావమ్మ ఎదురుగా స్టూలు వేయించుకుని కూర్చుంది. అది మరియదాసు స్టూలు. గంగారత్నం పసుపుబట్టల్లో, తలొంచుకుని, రాయి ముందు కూర్చుంది. సన్నటి పిల్ల, పెళ్ళిచూపుల నుంచి ఇప్పటిదాకా పది మాటలైనా మాట్లాడి ఉండదు. కొండలమ్మ వెంట తెచ్చిన నీళ్ళ బిందెలోంచి బొమ్మిడాయిని తీసి కోడలి చేతిలో పెట్టింది.

గంగారత్నం చేప తల పట్టుకుని రాయి మీద ఒక్క తోపు తోసింది. చేప జర్రున జారింది. మళ్ళీ తోసింది, మళ్ళీ జారింది. రాయి అద్దం, చేప జిగురు, మధ్యలో బూడిద లేదు. మూడోసారి ఆ పిల్ల బలమంతా పెట్టేసరికి బొమ్మిడాయి చేతిలోంచి ఎగిరి, సన్నాయి ఊదేవాడి కాళ్ళ మధ్యగా పక్కనున్న దేవుడిగదిలోకి పోయి, నాణేల అద్దాలపెట్టె కిందికి దూరింది. యాభైమందీ ఒక్కసారే "అరెరే" అన్నారు. వాద్యం ఆగిపోయింది. మరియదాసు పెట్టె ముందు బోర్లా పడుకుని చీపురుతో దాన్ని బయటకు లాగాడు.

"ఇదేనా మా అమ్మ రాయి!" అంది రావమ్మ. "ఇట్టా నున్నగా చేసి పెట్టావేమే? ఇప్పుడీ పిల్ల ఏం తోముద్ది, నా తలకాయా?"

కొండలమ్మ రాయి వంక చూసింది. ఆ గుంటలో తన అరచేయి పెట్టి చూసింది. అరచేయి సరిగ్గా సరిపోయింది. అవును మరి, అరగదీసింది తనే. కోడలి కోసం పోట్లాడి, బతిమాలి, లారీ తిప్పించి తెచ్చుకున్న రాయి, తన చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పనికిరాదు. ఆ సంగతి అక్కడ యాభైమంది ముందు ఆమెకు తెలిసొచ్చింది. రావమ్మ ముందు ఎన్నడూ తడవని కళ్ళు తడిశాయి.

అప్పుడు గంగారత్నం లేచింది. మరియదాసు చేతిలోంచి చేప తీసుకుంది.

"బాబాయ్," అంది, పెరటి తలుపు వైపు చూపిస్తూ. "ఆ మెట్టుకు నెంబరుందా?"

"ఏ మెట్టమ్మా?"

"ఆ నాపరాయి మెట్టు."

"దానికెందుకుంటదమ్మా, ఇంటాయన మొన్ననే వేయించాడు."

గంగారత్నం పెరట్లోకి వెళ్ళి, పంపు దగ్గర అంట్లు తోమే బూడిద పిడికెడు తీసుకుని, చీర పైకి దోపుకుని ఆ గరుకు మెట్టు ముందు గొంతుక్కూర్చుంది. వెళ్ళేముందు ఒక్క మాట అత్తతో అంది. మెల్లగానే అంది గానీ గదిలో అందరికీ వినపడింది.

"ఆ రాయి మీ చేతికి అలవాటు పడ్డదత్తా. నా మాట వినదు. మీ ఇద్దరూ చేసిన చాకిరీ చాలు. దాన్ని నిలబడనీండి, మీరు కూకోండి. తోమేది నేనుగా."

తర్వాత అక్కడ వినపడింది మెట్టు మీద చేప రాసుకునే చప్పుడు ఒక్కటే. మణికట్టు తిప్పి, తల వైపు నుంచి తోక వైపుకు, మళ్ళీ తోక నుంచి తలకు. కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లకు ఎవరు నేర్పాలి? రెండు నిమిషాల్లో పంపు కింద కడిగి, తెల్లగా మెరుస్తున్న బొమ్మిడాయిని రెండు చేతుల మీదా పట్టుకొచ్చి రావమ్మ ముందు నిలబడింది.

రావమ్మ దాన్ని తిప్పి చూసింది. వాసన చూసింది. వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది. రాయి మీద తోమలేదని అనడానికి నోరు తెరిచి, పక్కకు చూసింది. అక్కడ కొండలమ్మ ఏడుస్తోంది. నలభై ఏళ్ళలో రావమ్మ ఆ మరదలి కళ్ళలో నీళ్ళు చూడలేదు. ఆ రోజు అరచేయి చీరుకుపోయినప్పుడు కూడా చూడలేదు.

"తెల్లగా వచ్చింది," అంది రావమ్మ. ఆపైన ఇంకెటో చూస్తూ, "ఆ రోజు నీదీ తెల్లగానే వచ్చిందిలేవే," అంది.

సన్నాయివాడు మళ్ళీ అందుకున్నాడు. కొండలమ్మ వెక్కి వెక్కి ఏడ్చి, ముక్కు చీది, మరియదాసు ఖాళీ చేయించిన స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నలుగురూ కలిసి రాయిని మళ్ళీ నిలబెట్టారు. రాతిమనిషి పళ్ళెం పట్టుకుని, ఎప్పటిలాగే తల వంచి నిలబడింది. కాశీరావు తన పట్టుపంచ ఏరుకుని, పాపం, దులిపి భుజాన వేసుకున్నాడు.

లారీ హారను కొడుతోంది. అందరూ గుమ్మం దాటాక కొండలమ్మ వెనక్కి తిరిగింది.

"తమ్ముడూ, ఆ అట్టమీద కాగితం పీకెయ్."

"ఏ కాగితమక్కా?"

"నా పేరు మీద నువ్వంటించిందే. పీకెయ్. ఇప్పుడిచ్చాను."

మరియదాసు గోటితో మెల్లగా కాగితం లేపాడు. బసవపున్నయ్య చేతులు జోడించాడు. కొండలమ్మ ఆ రాతిమనిషి వంక ఒకసారి చూసి, చెంగు దోపుకుని, నాలుగడుగులు వేసి ఆగింది.

"మరి నా పులుసు కుండేదీ?"

ఆఫీసరూ అటెండరూ మొహాలు చూసుకున్నారు. మరియదాసు వంటగదిలోకి పరిగెత్తాడు. అలమరలో రెండు వేల ఏళ్ళ నాటి కుండల వరసలో, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది కొండలమ్మ కుండ. ఇంకా నెంబరు వేయలేదు. కొండలమ్మ దాన్ని అందుకుని, పగుళ్ళేమన్నా ఉన్నాయేమోనని వేలితో కొట్టి చూసుకుని, చంకన పెట్టుకుని లారీ ఎక్కింది.